మాట్లాడకూడని గంట

"కదలగూడదు, మాట్లాడగూడదు. ముఖ్యంగా ఏడవగూడదు మేడమ్," అన్నాడు సెల్వం, సూది తీసి దూది అదిమిపెడుతూ, ఏడుపన్నది కాఫీలాంటి అలవాటైనట్టు, ఒక గంట మానేస్తే సరిపోయేటట్టు. ఈ స్కాన్ సెంటర్లో మిషన్ నడిపేది అతనే. తమిళతను, హోసూరుకు వచ్చే పేషెంట్ల దగ్గరే తెలుగూ కన్నడమూ నేర్చుకున్నాడు, ఇవే మాటలు అన్ని భాషల్లోనూ చెప్పి చెప్పి అతని నోట్లో అవి అరిగిపోయాయి. ఇప్పుడు నరంలోకి ఎక్కించింది చక్కెరలాంటి మందట, ఒంట్లో ఏ కండ పనిచేస్తే ఆ కండ దాన్ని తాగేస్తుందట, తాగిన చోటల్లా బొమ్మలో వెలుగుతుందట, రోగానికి ఆకలెక్కువ కాబట్టి అన్నిటికంటే ముందు అదే తాగుతుందట. "మాట్లాడితే గొంతు వెలుగుతాది, ఏడిస్తే గొంతూ ఛాతీ అంతా వెలుగుతాది. అప్పుడు ఏది జబ్బు, ఏది ఏడుపు అని డాక్టర్‌కి తెలీదు." చలివేసినా మెడ దగ్గరి కొవ్వు వెలుగుతుందని దుప్పటి గడ్డం దాకా కప్పి, ఒక గంట అని వేలు చూపించి, బరువైన తలుపు లాగుకుంటూ వెళ్ళిపోయాడు. ఫోను, కమ్మలు, చేతిసంచి అన్నీ బయట బెంచీ మీద అమ్మ ఒళ్ళో ఉన్నాయి. కిటికీ లేదు. బాగలూరు రోడ్డు మీద అంత రొద ఉండాలి, బస్సుల హారన్లు, షేర్ ఆటోల అరుపులు, ఒక్కటీ లోపలికి రావడం లేదు.

భువనకు మొదట కలిగింది హాయి. సిగ్గులేకుండా హాయి. ఈ గంటసేపు ఎలా ఉన్నావని ఎవరూ అడగరు, అడిగినా జవాబు చెప్పకూడదు, సెల్వమే వద్దన్నాడు. ఎన్నాళ్ళయింది ఇలాంటి గంట దొరికి! హాస్టల్ గదిలో అమృత అద్దం చుట్టూ పసుపు కాగితాలు అంటించింది, నవ్వు, నమ్ము, నువ్వు సాధిస్తావు అని, మొహం కడుక్కుందామంటే అద్దంలో మొహం కనిపించడానికి చోటే లేదు. పాపం అమృత మంచిది. కడప నుంచి వచ్చి భువన పనిచేసే కంపెనీలోనే చేరింది, భువన కక్కుకుంటే బకెట్ పట్టింది, పట్టుకుంటూనే "నువ్వు స్ట్రాంగ్ కదే, పాజిటివ్‌గా ఉండవే" అనింది, భువన నోరు తుడుచుకుంటూ ఉంటానులే అనింది. మహిళా దినోత్సవానికి కంపెనీవాళ్ళు ఆమె ఫోటో పెద్దది చేసి క్యాంటీన్ గోడకు తగిలించి కింద ఫైటర్ అని రాయించారు. ఎవరితో ఫైటింగు చేసిందట? కుర్చీలో పడుకుంది, నరంలోకి ఎర్రమందు దిగింది, జుట్టు ఊడింది, ఒకరోజు పక్కమీదే తడుపుకుంది. ఇందులో ఆమె కత్తి తిప్పింది ఎక్కడ? పైగా గెలిస్తే మనసు గట్టితనం అన్నప్పుడు, ఓడితే మనసుదే తప్పు కావాలి కదా. ఎప్పుడో ఒకసారి ఏ తెల్లవారుజామునో అనుకోకూడని మాట అనుకునే ఉంటుంది, దాన్ని పట్టుకునే మళ్ళీ వచ్చిందేమో. ఏ మాట అది? ఎన్నోసార్లు అనుకుంది, ఏదని వెతకడం? నవ్వీ నవ్వీ బుగ్గలు నొప్పి పుట్టిన రోజులున్నాయి. నవ్వే కండలు కూడా వెలుగుతాయా ఆ బొమ్మలో, వెలిగితే ఆమె మొహమంతా దీపావళే, డాక్టరు జడుసుకుంటాడు.

మళ్ళీ వచ్చిందేమో ఏమిటి, వచ్చింది. ఎందుకు నాన్చడం, ఇక్కడ వినేవాళ్ళెవరు. ఎడమవైపు కాలర్ ఎముక పైన, చింతగింజంత. పోయిన మంగళవారం హాస్టల్ బాత్రూంలో సబ్బు రాసుకుంటుంటే వేలికి తగిలింది, తగిలిన క్షణంలోనే తెలిసిపోయింది, నీళ్ళు పోసుకోవడం ఆపలేదు, అదొక్కటే వింత, మగ్గు ముంచింది, పోసుకుంది, మళ్ళీ ముంచింది. ఇంకొకరి వేళ్ళయితే పొరపాటు పడ్డాయని అనుకోవచ్చు. భువన వేళ్ళకు కంపెనీలో పేరుంది. ఆమె పని పోతపోసిన బండి భాగాలను తడిమి చూడడం, అంచున వెంట్రుకవాసి ఇనుము లేచి ఉన్నా కొలిచే గేజి పెట్టకముందే ఆమె బొటనవేలు ఆగుతుంది. సూపర్‌వైజర్ తిమ్మరాజు ఆమె పక్కన పెట్టిన ముక్కను మళ్ళీ కొలవడు. ఆ వేళ్ళే. వాటికి అబద్ధం చెప్పడం రాదు, చెప్పించాలని చూసింది కూడా. తర్వాత ఊరికి పోతూ శూళగిరి దాటాక బస్సులో చున్నీ కింద చెయ్యి పెట్టి చూసింది, కుందారపల్లిలో దిగేలోపు ఇంకోసారి చూసింది, ప్రతిసారీ అది అక్కడే ఉంది, కదపబోతే కదలకుండా. ఇప్పుడు దుప్పటి కింద కుడిచెయ్యి దానంతట అదే లేస్తోంది, వద్దే, కదలకూడదన్నాడు, పడుకో.

మందులు పూర్తయిన రోజు డాక్టరు చెప్పనే చెప్పాడు, పోయిందనే అనుకుందాం, ఒకవేళ మళ్ళీ కనిపిస్తే మాత్రం ఇంతకంటే పెద్ద మందు, ఎముక మూలుగ మార్చడం, నెలరోజులు గాజు గదిలో ఒంటరిగా, అప్పుడైనా గ్యారంటీ అడగొద్దమ్మా అని. నాయన అర్థమైనట్టు తలూపాడు. అమ్మ "ఎందుకు కనిపిస్తాది, కనిపించదు" అని డాక్టరునే ఓదార్చింది. భువన నవ్వింది. ఈ బొమ్మలో ఎడమ కాలర్ ఎముక పైన వెలుగు పడితే ఆ గాజు గది, అదీ కుదరకపోతే ఇంక అంతే. ఇరవై నాలుగేళ్ళకు చచ్చిపోవడం అనే మాటను ఆమె ఇంతవరకు మనసులో కూడా పూర్తిగా పలకలేదు, సగంలో ఏదో పాట పెట్టుకునేది, ఇక్కడ పాట లేదు. చచ్చిపోతానేమో. చచ్చిపోవడం ఇష్టం లేదు, ఆ గాజు గదిలోకి పోవడమూ ఇష్టం లేదు, రెండింట్లో దేనికీ ఆమె దగ్గర బలం మిగల్లేదు. మనసు లోపల ఎక్కడో గట్టితనం దాచిపెట్టి ఉంటుందని అందరూ అనుకుంటున్నారు. ఆమె వెతికింది. అక్కడ ఒట్టి నీరసం తప్ప ఏమీ లేదు.

మొదటిసారి ఇంత తెలివి లేదు, అదే నయం. మెడలో గడ్డ అంటే కృష్ణగిరిలో టీబీ అన్నారు, క్యాన్సరని తేలేదాకా ఆ మాత్రలే ఇచ్చారు, ఒంటికి పోతే నారింజ రంగు, అమ్మ దాన్ని చూసి రోగమంతా బయటికి పోతోందని సంబరపడింది. మామిడికాయల కాలం, జ్యూస్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు వరసగా నిలబడి, ఊరంతా పులిసిన మామిడి వాసన, ఆ వాసన పడక బస్టాండులో గోడ పట్టుకుని నిలబడితే నాయన పసుపు గుడ్డసంచి చంకలో పెట్టుకుని ఇంకో చేత్తో వీపు రాస్తూ, మాట్లాడకుండా, దూరంగా కొండనెక్కడో చూస్తూ ఉన్నాడు. నాయనను తలచుకుంటే ఆమెకు అసూయ. నిజంగానే అసూయ. పోయిన ఏడు టమోటా ధర పడిపోయినప్పుడు కాయను తెచ్చి రోడ్డు పక్కన కుప్పపోసి, గట్టుమీద తలకు గుడ్డ చుట్టుకుని కూర్చున్నాడు, పొద్దున్నించి సాయంకాలం దాకా అలాగే. ఒక్కరైనా వచ్చి "వెంకటేశప్పా, పాజిటివ్‌గా ఉండప్పా" అన్నారా? అనలేదు. పక్క చేను నాగేశప్ప వచ్చి పక్కన కూర్చున్నాడు, ఒక బీడీ ఇచ్చాడు, ఇద్దరూ కలిసి దిగులుపడ్డారు, దిగులు అయిపోయాక లేచి ఇంటికి పోయి రాగిముద్ద తిన్నారు. అంత మర్యాద టమోటాకు దొరికింది. తనకూ ఒక గట్టు కావాలి, ఒక రోజు పొడుగునా కూర్చోవడానికి, పక్కన కూర్చునేవాళ్ళు ఏమీ అనకుండా.

తనకు దొరికే నవ్వులదంతా కంపెనీలో పసుపు స్టిక్కరు కథే. ముక్క బాగుంటే ఆకుపచ్చది, పనికిరాకపోతే ఎర్రది, ఆ రెండింటి మధ్య పసుపు, అంటే ఆపి ఉంచినది, పెద్దవాళ్ళు వచ్చి చూసేదాకా. కొత్తగా చేరిన రోజుల్లో పసుపు అంటే ఇంకా ఆశ ఉందనుకునేది. రెండు నెలలకే తెలిసింది, షిఫ్ట్ చివర ఎర్ర లెక్క ఎక్కువ కనిపించకూడదని పసుపు అంటిస్తారని. ఎర్రదని అందరికీ తెలుసు, అంటించే చెయ్యి మాత్రం పసుపు అంటిస్తుంది. ఆ రాక్‌లో ముక్కలు వారాల తరబడి దుమ్ము పట్టి ఉంటాయి, ఎవరూ వాటి వైపు చూడరు. అమృత నవ్వు, డాక్టరు అన్న 'అనుకుందాం', అత్తల వాట్సాప్ సూర్యోదయాలు, ఆమె సొంత 'బాగున్నాను', అన్నీ పసుపే. ఆ మంగళవారం నుంచి ఆమె తనకు తానే అంటించుకుని తిరుగుతోంది, ఊరికి పోయింది, అమ్మ ముందు గలగలా నవ్వింది, రెండు ముద్దలు అడిగి పెట్టించుకుంది. ఎందుకంటే అమ్మకు తెలియకూడదు. స్కాన్ చెప్పేదాకైనా అమ్మ నిద్రపోవాలి. అంతకుమించి ఆమె చేయగలిగింది ఇంకేం లేదు.

అమ్మ నిద్రపోతోందా? రంగమ్మత్త నిన్న ఫోన్ చేసి ఏమంది? పక్కింటి రంగమ్మత్తకు ఊళ్ళో ఏది జరిగినా భువనకు చెప్పకపోతే తిన్నది అరగదు. "మీయమ్మ శుక్రారం పొద్దున్నించి మద్యాన్నం దాకా మారెమ్మ కాడ తడిగుడ్డతో నిలబడి ఉండె పాపా. పువ్వు అడిగింది. పూజారి రెండు పక్కలా పువ్వు పెట్టి పెట్టి యాష్టపడె. కుడిదీ రాలల్యా, ఎడమదీ రాలల్యా. ఏమి, మీ రక్షిత్‌కు పెండ్లి చూస్తా ఉండారా?" రక్షిత్‌కు పెళ్ళేమిటి, తమ్ముడింకా ధర్మపురిలో చదువుతున్నాడు. విగ్రహానికి రెండు పక్కలా పెట్టిన పువ్వుల్లో కుడిది రాలితే తల్లి ఔనన్నట్టు, ఎడమది రాలితే కాదన్నట్టు, ఏదీ రాలకపోతే జవాబే ఇవ్వనట్టు. పొద్దున బస్టాండులో దిగిన అమ్మను అడిగితే, "బోరు గురించి పాపా, కొత్తది ఎయ్యొచ్చునా అని అడిగినా, కుడిపువ్వే ఇచ్చె తల్లి" అంది, నవ్వింది కూడా. భువన సరే అనుకుంది. ఉదయం నుంచి నీళ్ళు కూడా కొలిచి తాగుతున్న హడావుడిలో అంతకంటే ఆలోచించలేదు. ఇప్పుడు ఈ గోడ వైపు చూస్తుంటే ఆ మాట పొసగడం లేదు. రాలని పువ్వును కుడివైపు రాలిందని ఎందుకు చెప్పింది? పైగా బోరు సంగతి అమ్మ ఎందుకు అడుగుతుంది? వాళ్ళింట్లో నేల సంగతి నాయన అడగాలి, ఒంటి సంగతి అమ్మ అడగాలి, అవ్వ కాలం నుంచీ అంతే, బావి తవ్వినా బోరు వేసినా మారెమ్మ ముందు తడిపంచెతో నిలబడింది మగవాళ్ళే. కాబట్టి ఒంటి సంగతి. ఎవరి ఒంటి సంగతి? పోయిన ఏడు భువన గురించి అడిగారు, కుడిపువ్వు రాలింది, మందులయ్యాక పొంగలి పెట్టి మొక్కు తీర్చేశారు, తీరిన మాటకు రెండోసారి పువ్వు అడిగితే తల్లికి కోపం వస్తుంది, ఆ తప్పు అమ్మ చావనైనా చస్తుంది కానీ చెయ్యదు. అంటే కొత్త సంగతి. అమ్మకేమైనా జబ్బా? గుండె దడదడలాడింది, గుండె వెలుగుతుందేమో, వెలగనీ. అమ్మ మోకాళ్ళు తప్ప బాగానే ఉంది కదా, కిందటి వారం ఆదివారం ఊరికి పోతే వసారాలో కూర్చోబెట్టి, కొత్తగా మొలిచిన వెంట్రుకలకు ఆముదం రాసి, మెడ మీద కారినదాన్ని తుడుస్తూ తుడుస్తూ...

అమ్మ చెయ్యి ఆగింది. ఎడమవైపు. ఒక్క క్షణం, అంతే. తర్వాత ఆ చెయ్యి తలమీదికి వెళ్ళిపోయింది, "ఎంత మెత్తగా వచ్చిందే వెంట్రుక, పుట్టినప్పుడు ఇట్లే ఉండె" అంది అమ్మ, ఆ మాటకు భువన నవ్వింది, అమ్మ ఇంకా ఎక్కువ నవ్వింది. ఆ నవ్వు మరీ ఎక్కువైందని అప్పుడే అనిపించి ఉండాల్సింది. ఆదివారం. తనకు తెలిసింది మంగళవారం. అమ్మకు రెండు రోజుల ముందే తెలుసు. తెలిసి, ఎవరికీ చెప్పకుండా, శుక్రవారం తడిగుడ్డతో నిలబడి, పువ్వు రాలకపోతే రాలిందని చెప్పుకుని, మొన్న ఊరికి పోతే రెండో ముద్ద అడిగి పెట్టించుకున్న కూతుర్ని చూసి అబ్బ, దీనికేమీ తెలీదు, బాగా తింటోంది అనుకుని, కొసరి కొసరి పెట్టింది. ఇద్దరూ ఒకే గడ్డను చెరో కొంగు కింద దాచుకుని ఒకరి ముందు ఒకరు ఇకిలించుకుంటూ వారం గడిపారు. భువనకు అమ్మ మీద చెప్పలేనంత కోపం వచ్చింది. ఆ కోపం వెనకే ఏడుపు వచ్చింది, ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని పళ్ళు బిగించి ముక్కుతో ఊపిరి తీసింది, తీసింది, తీసింది. మోకాళ్ళు నొప్పని మెట్లు ఎక్కలేని మనిషి అంతసేపు తడిబట్టలతో ఎలా నిలబడింది. పాదాలు బండమీద చల్లబడి ఉంటాయి. పువ్వు వైపే చూస్తూ ఉండి ఉంటుంది, రాలమ్మా, ఏదో ఒక పక్క రాలు తల్లీ అని. పూజారి విసుక్కుని ఉంటాడు. చుట్టూ ఎవరూ అమ్మను ఎందుకని అడగలేదు, అడిగినా బోరు అని చెప్పి నవ్వి ఉంటుంది. ఈ గదిలో భువనకు కనీసం ఒక గంట దొరికింది. అమ్మకు అది కూడా లేదు, ఇప్పుడు కూడా బెంచీ మీద పక్కవాళ్ళతో నా బిడ్డకు నయమైపోయింది, ఊరికే చూపించుకోను వచ్చినాము అని చెబుతూ ఉంటుంది. చెబుతూనే ఉంటుంది.

తలుపు తెరుచుకుంది. ఒంటికి పోయి రమ్మన్నాడు సెల్వం, తర్వాత మిషన్ గది. వరండాలో అమ్మ బెంచీ మీదినుంచి లేచి నిలబడి ఉంది, సంచి గుండెకు పెట్టుకుని. ఒంట్లో మందుంది కాబట్టి దగ్గరికి రాకూడదని అతను ముందే చెప్పినట్టున్నాడు, నేలమీద ఏదో గీత ఉన్నట్టు ఒకచోట ఆగిపోయింది, అక్కడినుంచే తయారుగా ఉన్న నవ్వు నవ్వింది.

"ఏమీ ఉండదు చూడు. నా మనసు చెప్తా ఉండాది."

భువన కూడా నవ్వబోయింది. పెదాలు సగం దాకా వచ్చాయి కూడా.

"అమ్మా, నువ్వు పువ్వు అడిగింది నా గురించే కదా."

అమ్మ నవ్వు వెంటనే పోలేదు, ఏం చెయ్యాలో తోచనట్టు మొహం మీదే ఉండిపోయింది. "ఎవురు చెప్పిరి నీకు? ఆ రంగమ్మేనా? దాని నోరు పడ..."

"నా చేతికీ తగిలిందమ్మా. మంగళవారం."

సంచిలో భువన ఫోను మోగి మోగి ఆగిపోయింది, అమృత అయ్యుంటుంది. తర్వాత అమ్మ, వరండాలో ఇంకెవరూ లేకపోయినా, బాగా చిన్న గొంతుతో అంది: "నీకు తెలీదనుకుంటిని కదే. నువ్వు నవ్వతా ఉంటివి."

"నువ్వూ నవ్వతా ఉంటివి కదమ్మా."

అమ్మ గీత దాటి వచ్చేసింది. సెల్వం "దూరం, దూరం ఉండండమ్మా" అంటూనే ఉన్నాడు, ఆవిడ వినిపించుకోలేదు, కూతురి మెడ ఎడమవైపు అరచెయ్యి ఆనించి, ఈసారి చెయ్యి ఆపి అక్కడే ఉంచింది. "పువ్వు రాలల్యా పాపా," అంది. "ఎంతసేపు నిలబడినా రాలల్యా. నాకు భయమైపోయె. ఎవురికి చెప్పేది? మీ నాయనకు చెప్తే ఆ మనిషి అట్లే కూలబడిపోతాడు. ఇంక నా ముందర నవ్వొద్దు నువ్వు. నేనూ నవ్వను."

"సరేమ్మా," అంది భువన.

మిషన్ గదిలో చల్లగా ఉంది. బల్ల ఇరుగ్గా ఉంది, చేతులు రెండూ తలపైకి పెట్టించి, కాళ్ళకింద దిండు పెట్టి, పట్టీ బిగించి, సెల్వం గాజు అద్దం అవతలికి వెళ్ళిపోయాడు. పైన తెల్లటి వలయం, దాని అంచున సన్నటి ఎర్ర గీత. ఇంకాసేపట్లో అది ఆమె మెడ మీదినుంచి పోతుంది, అక్కడ ఉన్నదాన్ని ఉన్నట్టు చూపిస్తుంది, దాన్ని ఆపడం ఎవరి చేతిలోనూ లేదు. గాజు గది గుర్తొచ్చింది. నాయన మొహం గుర్తొచ్చింది. పైన ఎక్కడో స్పీకరు గరగరలాడి సెల్వం గొంతు వచ్చింది, బల్ల జరిపే ముందు అందరినీ అడిగే ప్రశ్నే, సూదులు గుచ్చినప్పుడూ ముక్క కోసినప్పుడూ మందు ఎక్కించినప్పుడూ ఎవరెవరో అడిగిన ప్రశ్నే, ప్రతిసారీ ఆమె అబ్బే లేదండీ అని నవ్వుతూ చెప్పిన ప్రశ్నే.

"మేడమ్, భయంగా ఉండాదా?"

"ఉండాది," అంది భువన. "చానా ఉండాది."

బల్ల మెల్లగా లోపలికి కదిలింది.